ఒకే గుండిగలో రెండు సాంబార్లు: గుంటూరు భోజన హోటల్ కేసు

ఓనరు గారు నాకు ఫోన్ చేసింది కొత్త మాస్టర్ని చూసిపెట్టమని. "ఉన్నాయన చెయ్యి మారిందండీ. పదహారేళ్ళ నుంచి నా దగ్గరే ఉన్నాడు, ఇప్పుడేమో జనం తిట్టిపోస్తన్నారు" అన్నారు. వంటవాళ్ళను కుదర్చడం నా పని కాదు. వంటగది గుమ్మం దగ్గర్నుంచి గల్లాపెట్టె దాకా ఎక్కడ తేడా కొడుతోందో చూసి చెప్పడం నా పని. అదే చెప్పి, మాస్టర్ని మాన్పించే ముందు నాలుగు రోజులు ఆగమన్నాను. అయిష్టంగానే ఆగారు.

హోటల్ బ్రాడీపేటలో, పేరు అనవసరం. కింద మామూలు హాలు, అరవై మంది పడతారు. పైన ఏసీ హాలు, నలభై మందికి. అది తెరిచి అప్పటికి ఏడాది. మధ్యాహ్నం భోజనమే అసలు వ్యాపారం. పప్పు, రెండు కూరలు, వేపుడు, పులుసు, సాంబారు, చారు, పెరుగు, గోంగూర పచ్చడి, కందిపొడి, నెయ్యి. కిందా పైనా ఒకటే వంట, రేటు మాత్రం పైన ఎక్కువ. నేను వెళ్ళింది ఫిబ్రవరి మూడో వారంలో. నెల ఎందుకు చెప్తున్నానో అన్నం దగ్గరికొచ్చేసరికి తెలుస్తుంది.

మొదటి రోజు ఓనరు తన ఫోన్లో దాచుకున్న రివ్యూలన్నీ చూపించారు. ఒకాయన "సాంబారు పప్పులా గట్టిగా ఉంది, గరిటె నిలబడుతుంది" అని రాశాడు. ఇంకొకాయన "సాంబారు కాదు, పసుపు కలిపిన వేడినీళ్ళు" అన్నాడు. రెండూ ఒకే రోజువి, ఒకే మధ్యాహ్నానివి. "చూశారా, చేతిలో నిలకడే లేదు" అన్నారు ఓనరు. మాస్టర్ సాంబారు ఎన్నిసార్లు కాస్తాడని అడిగాను. రోజుకు ఒక్కసారే, పదిన్నరకి, ఒకే గుండిగలో. ఒకే గుండిగలోంచి గట్టి సాంబారూ, నీళ్ళ సాంబారూ రెండూ వస్తున్నాయంటే గుండిగకీ ఆకుకీ మధ్య ఏదో జరుగుతోందన్నమాట. మాస్టర్ మీద నా అనుమానం అక్కడే సగం పోయింది.

రివ్యూల్లో నేను నక్షత్రాలు చూడను, మాటలే రాసుకుంటాను. అయినా అవి సగం సాక్ష్యమే, మిగతా సగం చెయ్యి కడుక్కునే చోట దొరుకుతుంది. గల్లా దగ్గర నిలబడి "ఎలా ఉందండీ భోజనం?" అంటే మన మనిషి "బాగుందండీ" అనే అంటాడు. తిన్న చోట వంక పెట్టకూడదని ఇంట్లో నేర్పిన మర్యాద హోటల్లోనూ పనిచేస్తుంది. పది అడుగుల అవతల, కుళాయి దగ్గర, పక్కవాడితో అసలు మాట అంటాడు. కాబట్టి రెండు రోజులు నేను ఆ వాష్ బేసిన్ పక్కనే ఫోన్ మాట్లాడుతున్నట్టు నిలబడ్డాను. "సాంబారేందిరా అట్టుంది." "ఇదివరకట్టా లేదు." "అన్నం ముద్దయిపోయింది." ఒక పెద్దాయన మాత్రం వేరే మాట అన్నారు. "పెరుగు దాకా ఉండబుద్ధి కాలా." ఆ ఒక్క మాట కింద నేను రెండు గీతలు గీసుకున్నాను. ఆయన రుచి సంగతి చెప్పలేదు, కూర్చోవడం సంగతి చెప్పారు.

ప్రతి మాట పక్కనా టైము వేసుకుంటూ పోతే ఒకటి తేలింది. పన్నెండు నుంచి ఒంటిగంట దాకా తిన్నవాళ్ళలో వంక పెట్టినవాళ్ళు దాదాపు లేరు. ఒంటిగంటంబావు నుంచి రెండుంబావు దాకా వరసగా ఫిర్యాదులే. మూడు దాటాక వచ్చేవాళ్ళది మరో గోల, అది పెరుగు గోల.

రెండో రోజు ఒంటిగంటన్నరకి పైన ఏసీ హాల్లో కూర్చున్నాను. 1:34కి ఆకు పడింది. మూడు నిమిషాల్లో కూరలు, పప్పు, అన్నం, నెయ్యి అన్నీ వచ్చాయి. ఇంతవరకూ ఎవరూ వేలెత్తి చూపలేరు. పప్పన్నం, వేపుడు తినేసరికి 1:46. ఆకు ఖాళీ. మారు అన్నం వచ్చింది 1:57కి.

పదకొండు నిమిషాలు పెద్ద సమయమా అనిపించొచ్చు. చెంచాతో తినేవాడికి కాదు. చెంచా పక్కన పెట్టి ఫోన్ చూసుకుంటాడు. చేత్తో తినేవాడు మారు అన్నం వచ్చేదాకా ఖైదీ. కుడి చెయ్యి ఆకు మీద గాల్లో పెట్టుకుని కూర్చోవాలి. మొదట వేళ్ళ చివర మెతుకులు ఎండుతాయి, తర్వాత పప్పు చారలు కట్టి గోళ్ళ చుట్టూ బిగుస్తుంది, పైన ఏసీ గాలికి ఇంకా తొందరగా. ఎదుటి బల్ల దగ్గర ఒకాయన ఎండిన బొటనవేలుతో చూపుడువేలుని రుద్దుకుంటూ వంటగది తలుపు వైపే చూస్తున్నారు. ఈలోగా సప్లయర్ కుర్రాడు బకెట్టుతో వచ్చి "అన్నం వస్తంది సార్, సాంబారు పోయమంటారా?" అన్నాడు. నా పక్కాయన మొహమాటానికి సరేనన్నాడు. అన్నం లేని ఆకు మీద సాంబారు ఎటు పోతుంది? మిగిలిన వేపుడుతో గట్టు కట్టుకుని కాపాడుకున్నాడు. అన్నం వచ్చేసరికి ఆ సాంబారు చల్లారిపోయింది. తర్వాత అదే మనిషి కుళాయి దగ్గర అన్న మాట నేను రాసుకున్నాను: "సాంబారు అస్సలు బాలేదు."

చాలా హోటళ్ళలో చూశాను ఇది. బాలేదన్నవాడి మాట నమ్మాలి. ఎందుకు బాలేదో అతను చెప్పిన కారణం మాత్రం విడిగా తేల్చుకోవాలి. ఎండిన చేత్తో పదకొండు నిమిషాలు కూర్చున్న కోపం, ఆ తర్వాత ఆకులోకి ఏది ముందొస్తే దాని మీద పడుతుంది. ఇక్కడ సాంబారు దొరికింది. అయితే ఈ కేసులో సాంబారు మరీ అమాయకురాలేం కాదు.

మూడో రోజు మెట్ల మలుపులో నిలబడ్డాను. కింద నుంచి పైకి 22 మెట్లు. పై హాలు తెరిచినప్పుడు సప్లయర్లను పెంచలేదు, కింద ఉన్నవాళ్ళలోంచే ఇద్దర్ని పైకి పంపారు. వాళ్ళేం చేస్తారు పాపం, మెట్లెక్కే బాధ తప్పించుకోవడానికి పెద్ద బకెట్టు నిండా సాంబారు పోసుకుని, మలుపులో ఒక స్టూలు మీద పెట్టుకుని, అక్కణ్ణుంచి చిన్న బకెట్టులోకి ముంచుకుంటున్నారు. పన్నెండుకి గుండిగలో థర్మామీటర్ పెడితే 78 డిగ్రీలు. ఒంటిగంటన్నరకి స్టూలు మీది బకెట్టులో 49. వడ్డించే వేడి పదార్థం 60 డిగ్రీలకు తగ్గకుండా ఉంచాలని ఆహార భద్రత నిబంధనలే చెప్తున్నాయి. రుచి సంగతి అటుంచి, అలా గంటల తరబడి గోరువెచ్చగా ఉంచడం ఆరోగ్యానికీ మంచిది కాదు.

కందిపప్పు సాంబారు చల్లారితే చిక్కబడుతుంది, అడుక్కి దిగుతుంది. బకెట్టులో పైన తేట, కింద ముద్ద. గరిటె లోతుగా పెట్టినప్పుడు ఒక బల్లకి పప్పులాంటి సాంబారు పోతోంది. అది గట్టిపడిందని కుర్రాడికి తెలుసు. అందుకే వాష్ బేసిన్ పక్కన గీజరు కుళాయి తిప్పి ఒక మగ్గు వేణ్ణీళ్ళు పట్టుకొచ్చి పోసి కలిపేశాడు. రెండు గంటలకి మరో మగ్గు. ఎవరూ చెప్పలేదు, తన కష్టం తనే తీర్చుకున్నాడు. మొదటి మగ్గుకి ముందు తిన్నవాడు "గరిటె నిలబడుతుంది" అన్నాడు, రెండో మగ్గు తర్వాత తిన్నవాడు "వేడినీళ్ళు" అన్నాడు. ఇద్దరూ నిజమే రాశారు.

ఒక గ్లాసులో ఆ బకెట్టు సాంబారు పట్టుకెళ్ళి మాస్టర్ చేతికిచ్చాను. చేతిలో పోసుకుని చప్పరించారు. కాసేపు ఏమీ అనలేదు. "ఇది నాది కాదండీ" అన్నారు.

అన్నం ఎందుకు ఆలస్యమవుతోందో పట్టుకోవడానికి వంటగదిలో ఒక్క గంట చాలింది. ఒంటిగంట నుంచి పార్సిళ్ళు మొదలవుతాయి. యాప్‌ల కుర్రాళ్ళు కిటికీ దగ్గర గుంపుగా నిలబడి ఉంటారు, ఆఫీసుల నుంచి ఫోన్లు వస్తుంటాయి, గల్లా దగ్గర్నుంచి "ఏమైందిరా ఆ పార్సిలు" అని కేక. అన్నం దిగగానే ముందు అటే పోతుంది. లోపల కూర్చున్నవాడి చెయ్యి ఎండినా ఏ ఫోనూ మోగదు. పైగా మూడో వాయి అన్నం, రెండోది అయిపోవస్తుంటే గానీ పెట్టరు. అది ఉడికి దిగడానికి అరగంట పైమాటే. ఆ అరగంటే నా నోట్సులోని ఫిర్యాదుల గంట.

ఇక అన్నం ముద్దగా ఉందన్న మాట. దీని వెనక వేరే కారణం వెతకాల్సిన పని లేదు, తిన్నవాళ్ళు అన్నదే నిజం.

మన వైపు భోజన హోటళ్ళలో వాడేది ఎక్కువగా బీపీటీ 5204, సాంబ మసూరి. బాపట్ల పరిశోధన కేంద్రంలో పుట్టి 1986లో విడుదలైన రకం. సన్నగా, మెత్తగా ఉంటుంది, కానీ పాతబడాలి. ఖరీఫ్ పంట కోతలయ్యి కొత్త బియ్యం సంక్రాంతి తర్వాత దుకాణాల్లోకి దిగుతుంది. కొత్త బియ్యం నీళ్ళు తక్కువ పీలుస్తుంది, మెతుకు మెతుక్కి అంటుకుంటుంది. ఆరు నెలలైనా పాతబడితే అదే బియ్యం విడివిడిగా, ఒదుగుతూ వస్తుంది. గోడౌన్‌లో 26 కిలోల బస్తాలు చూశాను, కుట్టు దగ్గర దారం ఇంకా తెల్లగా ఉంది. (25 కిలోలెందుకు కాదంటారా? 2022 జులైలో 25 కిలోలూ అంతకు లోపూ ఉన్న ప్యాకింగ్ మీద 5 శాతం జీఎస్టీ వేశారు, మిల్లుల వాళ్ళు ఒక కిలో పెంచి బయటపడ్డారు. బస్తాల లెక్కతో ఖర్చు వేసే ఓనర్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.)

"ఇవి పాతవేనా మాస్టారూ?" అన్నాను. ఆయన నాలుగు గింజలు అరచేతిలో నలిపి, తెల్లటి పొడి అంటిన వేలు చూపించారు. "జనవరిలో కొత్తవి దింపారు. ఇదివరకు భట్టీ మీద గుండిగలో వండి గంజి వార్చేవాణ్ణి, కొత్తవైనా కొంత సర్దుకునేది. ఇప్పుడు ట్రేలలో ఆవిరి మీద పెట్టమన్నారు. కొలత నీళ్ళు పోసి అత్తెసరు పెడితే కొత్త బియ్యం సంకటే అవుద్ది." ఆ ట్రేల ఆవిరి పెట్టె ఓనరు గారే కొన్నారు, గ్యాసూ మనిషీ కలిసొస్తారని. బియ్యంలో బస్తాకి కొంత మిగిలింది. ఈ రెండు ఆదాలూ ఆయన నాకు ఫోన్లో చెప్పలేదు. తప్పించుకోవడానికి కాదు, వాటికీ జనం తిట్లకీ సంబంధం ఉందని ఆయనకి నిజంగానే తోచలేదు.

ఇప్పటిదాకా చెప్పింది గుండిగల సంగతి. నాకు ఈ కేసులో ఎక్కువ పట్టింది మాత్రం ఒక చిన్న మాట.

పైన వడ్డించే ఇద్దరిలో ఒక కుర్రాడు ఒడిశా నుంచి వచ్చాడు. చురుకైన పిల్లాడు, నవ్వు మొహం. వచ్చిన ఎనిమిది నెలల్లో అతనికి అబ్బిన తెలుగు రెండు మాటలు: "కావాలా?", "చాలా?". అన్నం పళ్ళెం పట్టుకుని బల్ల బల్లకీ వెళ్ళి "చాలా? చాలా?" అని అడుగుతున్నాడు. అతని మనసులో అది మర్యాద. మన చెవికి అదెలా వినపడుతుంది? "ఇంక చాల్లే, లేస్తావా" అన్నట్టు. నా కళ్ళ ముందే ఇద్దరు ఆడవాళ్ళు, ఇంకా మజ్జిగన్నం తినాల్సినవాళ్ళు, "చాలు బాబూ" అని లేచిపోయారు. అడిగినంత వడ్డించే భోజనమని బోర్డు మీద రాసుంది. ఆ ఇద్దరూ సగం కడుపుతో డబ్బు కట్టి వెళ్ళారు.

తెలుగు వడ్డన అంతా ఒక సన్నటి అబద్ధం మీద నడుస్తుంది. తినేవాడు వద్దంటాడు, వడ్డించేవాడు అది నమ్మకూడదు. "కొంచెం వేయించుకోండి", "ఒక్క గరిటె, చారులోకి", "మొహమాటపడకండి". అడగడం వేరు, వేయడానికి వంగడం వేరు. గరిటె ఆకు మీదికి వచ్చాక చెయ్యి అడ్డం పెడితే అది నిజమైన చాలు. దూరం నుంచి "ఇంకా కావాలా?" అంటే ఎవరైనా వద్దనే అంటారు, మొదటిసారి వచ్చినవాడు మరీను. పాత సప్లయర్లకి ఇది పుట్టుకతో వచ్చిన విద్య. కొత్తవాళ్ళకి ఎవరూ నేర్పలేదు, ఎందుకంటే ఇది నేర్పాల్సిన సంగతని ఎవరికీ తెలీదు. సాయంత్రం ఖాళీగా ఉన్నప్పుడు కింద హాల్లో ఇరవై ఏళ్ళ సీనియర్ సప్లయర్ని కూర్చోబెట్టి, ఆ కుర్రాడి చేత ఉత్త గరిటెతో వడ్డించాం. "కొంచెం వేయమంటారా అండీ" అన్న ఒక్క వాక్యం, నడుం వంచడం, ఎడమ చెయ్యి గిన్నె కింద పట్టడం. ఆకు కొస తినేవాడి ఎడమ వైపుకి రావాలని కూడా అప్పుడే చెప్పాం. అంతకు ముందు ఎటు పడితే అటు పరిచేవాడు, పెద్దవాళ్ళు మాట్లాడకుండా తిప్పుకునేవారు.

కారం గొడవ త్వరగా చెప్పేస్తాను. పైకి వచ్చేవాళ్ళలో బయటి ఊళ్ళవాళ్ళు, చిన్నపిల్లలతో వచ్చేవాళ్ళు ఎక్కువ. వాళ్ళు కారం అన్నారు. ఓనరు తగ్గించమన్నారు. కింద లాయర్లు, మిర్చి యార్డు కమీషన్ వ్యాపారులు "ఇది గుంటూరేనా" అన్నారు. మధ్యలో ఓనరు బంధువొకరు తేజా రకం మిరపకాయ ఇస్తే అదే కారం పట్టించారు. మాస్టర్ లెక్క 334 రకం మిరపకాయకి అలవాటు పడింది. తేజా ఘాటు దాని కంటే బాగా ఎక్కువ, చెంచాల లెక్క అదే ఉంచితే నోరు మండక ఏం చేస్తుంది. తిరిగి 334కి వెళ్ళాం. గుండిగలో కారం ఇద్దరికీ మధ్యగా ఉంచి, గోంగూర, కందిపొడి, వేయించిన చల్ల మిరపకాయ కింద హాల్లో అడక్కుండానే రెండోసారి తిప్పమన్నాం. కారం కావాల్సినవాడికి అది ఆకు మీదే దొరుకుతుంది.

బిల్లు దగ్గరికొస్తే, పై హాల్లో సర్వీస్ చార్జీ అని పది శాతం తానే పడిపోతోంది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4నే అలా వేయకూడదని మార్గదర్శకాలిచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. ఎవరైనా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే ఓనరు సమాధానం చెప్పుకోవాలి. అంతకంటే నన్ను ఆశ్చర్యపరిచింది క్యాషియర్ మాట. ఒకాయన రేటెందుకెక్కువని అడిగితే "ఏసీకి టాక్సు ఎక్కువ సార్" అన్నాడు. 2017 నవంబరు 15 నుంచి ఇలాంటి మామూలు రెస్టారెంట్లలో ఏసీ ఉన్నా లేకున్నా జీఎస్టీ 5 శాతమే. అబద్ధం చెప్పాలని కాదు, పాత రోజుల్లో విన్నది అలాగే ఉండిపోయింది. కానీ ఆ కస్టమర్ చార్టర్డ్ అకౌంటెంట్. ఆ రాత్రి వచ్చిన రివ్యూలో బిల్లు ఊసే లేదు, "కూరలు నిన్నటివిలా ఉన్నాయి" అని ఉంది. కూరలు ఆ పొద్దున వండినవే, నేను చూశాను.

మార్చినవి పెద్దవేం కాదు. మూడో వాయి అన్నం హాల్లో ఎంతమంది ఉన్నా లేకున్నా 12:50కి పొయ్యెక్కాలి. పార్సిళ్ళకి ఒక ట్రే విడిగా కేటాయించాం, అది అయిపోతే పార్సిలే ఆగాలి గానీ హాలు ఆగకూడదు. మలుపులో స్టూలు తీసేసి, పైనే ఒక మూల వేడినీళ్ళ తొట్టెలో సాంబారు, చారు గిన్నెలు కూర్చునేట్టు చేశాం, నాలుగు లీటర్లకి మించి పైకి పోకూడదన్నాం. పైకి ఒక మనిషిని పెంచారు, చాలా బేరమాడాక. సర్వీస్ చార్జీ తీసేశారు.

ఒకటి నేను చెడగొట్టాను. సప్లయర్ల ఎదురుచూపు తగ్గుతుందని, పై హాల్లో ప్రతి బల్ల మీదా చిన్న స్టీలు గిన్నెల్లో సాంబారు, చారు పెట్టి ఎవరికి వాళ్ళు పోసుకునేట్టు చేయించాను. విజయవాడలో ఒక చోట ఇది బాగా నడిచింది, నార్త్ ఇండియన్ వంటకాలు పెట్టే చోట. ఇక్కడ రెండో రోజే ఒకావిడ ఓనర్ని పిలిచి "డబ్బిచ్చి కూడా మేమే వడ్డించుకోవాలాండీ? ఇంట్లో చేసేది అదేగా" అన్నారు. ఆవిడ మాట కరెక్టు. కుడి చెయ్యి ఎంగిలి, ఎడమ చేత్తో గరిటె పట్టి పోసుకోవడం, పక్కవాడికి పోయడం ఎంత ఇబ్బందో బల్ల ముందు కూర్చుని ఆలోచించాల్సింది, కాగితం మీద ఆలోచించాను. మూడో రోజు గిన్నెలు గోడౌన్‌కి చేరాయి.

నెల తర్వాత చెప్పకుండా వెళ్ళి ఒంటిగంటన్నరకే పైన కూర్చున్నాను. మారు అన్నం నాలుగో నిమిషంలో వచ్చింది. ఒడిశా కుర్రాడు నన్ను గుర్తుపట్టి, నవ్వు ఆపుకుంటూ, "కొంచెం వేయించుకోండి అండీ" అన్నాడు. నేను వద్దన్నాను. వేసేశాడు. సాంబారు గురించి కుళాయి దగ్గర ఎవరూ ఏమీ అనలేదు, బాగుందని కూడా అనలేదు. భోజన హోటల్లో దాన్నే బాగుండటం కింద లెక్కేసుకుంటాం. మాస్టర్ ఉద్యోగం నిలిచింది. అన్నం మాత్రం ఇంకా కాస్త ముద్దే. గోడౌన్‌లో కొత్త బస్తాలు అయిపోయేదాకా గంజి వార్చమని ఓనర్ని ఒప్పించాను, పూర్తిగా పాత బియ్యమే కొనమని ఒప్పించలేకపోయాను. పాతవీ కొత్తవీ సగం సగం కలుపుతున్నారని మాస్టర్ చెవిలో చెప్పారు.

మూడు దాటాక వచ్చేవాళ్ళ పెరుగు గోల అలాగే ఉంది. రాత్రి తోడేసిన పెరుగు మధ్యాహ్నం మూడింటికి పులవకుండా ఉండాలంటే పొద్దున పదింటికి ఫ్రిజ్‌లోకి పోవాలి, ఉన్న ఫ్రిజ్ నిండా కూల్ డ్రింకులు. ఈలోగా ఎండలు ముదిరాయి. "ఏప్రిల్ రానివ్వండి, అప్పుడు చూద్దాం" అంటున్నారు ఓనరు.